ఎర్సిరా చేతి లెక్క

ఒసోర్నో ఊళ్ళో నది అవతల, పదిరోజుల్లో తొమ్మిది రోజులు వానపడే ఆ మెట్ట మీద, మా సి బ్లాకులో ఏ వంటింట్లోకి వెళ్ళి చూసినా పొయ్యి పైన ఒక కొక్కెం ఉంటుంది. కొక్కేనికి ఎర్ర కప్పు వేలాడుతుంటే పొయ్యి వేడిగా ఉందని అర్థం. కప్పు బల్ల మీద ఉంటే చల్లారిందని. కొత్తగా దిగినవాళ్ళు ఇదేదో మొక్కు కాబోలనుకుని ఏ పునీతుడికని అడుగుతారు. పునీతుడికి కాదు, రెండో అంతస్తులో ఉండే ఎర్సిరా మన్సీయాకి. మొదట్లో అందరూ నవ్వినవాళ్ళే. "ఎర్సిరా జెండాలు ఎగరేశారా" అని మెట్ల మీద వెటకారాలు కూడా చేశారు. ఇప్పుడు ఆ నవ్వినవాళ్ళ ఇళ్ళలోనే ముందుగా కొక్కేలు కనబడతాయి, నేను పేర్లు చెప్పను.

ఎర్సిరా పుట్టింది చిలోయె దీవుల్లో, లెముయ్ అనే చిన్న దీవిలో. ఆ ఇంట్లో ఇనప కట్టెలపొయ్యి ఒక్కరోజు కూడా ఆరిపోయిన గుర్తు లేదంటుంది. పద్నాలుగో ఏట వంటింట్లో పనికి కుదిరింది. తర్వాత ఒసోర్నో దగ్గర, రైతుల పిల్లలు ఉండి చదువుకునే ఒక హాస్టలు బడిలో ముప్పయ్యొక్క ఏళ్ళు వంట చేసింది. నూట నలభై మంది పిల్లలు. ఆ బడి ఓవెన్ కట్టెలతో మండేది, ఒక చిన్న గదంత ఉండేది. దానికి అంకెలూ లేవు, దీపాలూ లేవు. ఎంత కాగిందో తెలుసుకోవడానికి ఎర్సిరాకి ఉన్నది ఒక్కటే సాధనం, కుడి చెయ్యి. మోచేతిదాకా చొక్కా పైకి మడిచి, చెయ్యి లోపల పెట్టి లెక్కపెట్టేది. ముప్పై దాకా ఓర్చుకోగలిగితే పాలూ గుడ్లూ కలిపిన పుడ్డింగుకి సరి. ఇరవైకి చెయ్యి లాగేసుకోవాల్సి వస్తే మిల్కావోకి, అంటే మా బంగాళాదుంప రొట్టెకి. పదికే చురుక్కుమంటే ఎంపనాదాలు పెట్టొచ్చు. మాంసం, ఉల్లిపాయ, గుడ్డు ముక్క, ఒక ఆలివ్ కాయ పెట్టి మడిచిన ఆ ఎంపనాదాలు ఆమె చేతిలో ఏనాడూ మాడలేదు, పచ్చిగా దిగలేదు. హెడ్‌మాస్టర్లు ఏడుగురు మారారు గానీ ఆ చెయ్యి మారలేదు. "ఎర్సిరా చెయ్యి పెట్టిందా?" అని అడిగి మరీ పిల్లలు పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళు.

ఆమె కూతురు యస్నా బడికి వెళ్ళక ముందే అంకెలు నేర్చుకుంది ఆ ఓవెన్ దగ్గరే. ముక్కాలిపీట మీద నిలబడి, తల్లి చెయ్యి లోపల ఉన్నంతసేపూ గట్టిగా లెక్కపెట్టేది. ఏడు తర్వాత తొమ్మిది అనేది. ఆ తప్పు వల్ల ఒకసారి పుడ్డింగు గట్టిపడలేదని ఎర్సిరా ఇప్పటికీ దెప్పుతుంది.

పెన్షను వచ్చాక, పాత చెక్క ఇల్లు కూలగొట్టాక, ఆమెకి మా బ్లాకులో ఫ్లాటు వచ్చింది. పొగవల్ల ఊళ్ళో పసిపిల్లల ఊపిరితిత్తులు పాడవుతున్నాయని ఈ కొత్త బ్లాకుల్లో కట్టెలు నిషేధం. పొగగొట్టమే లేదు. దానికి బదులు వంటింటి గట్టు మీద నల్లటి గాజుపలక ఒకటి, దాని కింద బీరువాలో బిగించిన కరెంటు ఓవెన్. మొదటిరోజు ఎర్సిరా నడుం మీద చేతులు పెట్టుకుని దాన్ని ఎగాదిగా చూసింది. "ఇది పొయ్యా, అద్దమా? ఇందులో నా మొహం కనిపిస్తోందేంటి?" అంది.

నిజం చెప్పాలంటే ఆ గాజుపొయ్యి దగ్గర మేమంతా మూర్ఖుల్లాగే ప్రవర్తించాం. కట్టెలపొయ్యి మీద కెటిల్ ఎప్పుడూ ఉండాల్సిందే, కెటిల్ దించిన పొయ్యి ఉన్న ఇంట్లోకి ఎవరూ అడుగుపెట్టరు. ఆ అలవాటున గాజు మీద కూడా కెటిల్ పెట్టి, కింద సెగ ఉందో లేదో చూడకుండా వదిలేసి, మూడు నెలల్లో బ్లాకు మొత్తం మీద తొమ్మిది కెటిళ్ళు మాడ్చాం. కట్టెలపొయ్యి ఓవెన్ తలుపు తెరిచి కాళ్ళు కాచుకున్నట్టే దీని తలుపు తెరిచి కాళ్ళు కాచుకున్నాం, కరెంటు బిల్లు చూసి గుండెలు బాదుకున్నాం. తడి మేజోళ్ళు ఓవెన్‌లో ఆరబెట్టడం మాకు తరతరాల అలవాటు. ఎర్సిరా ఎదురింటి దోన్ రొసెందో, అంటే మీ మాటల్లో రొసెందో గారు, అలాగే ఆరబెట్టి, ఆ సంగతి మరిచిపోయి, రొట్టె వేడిచేద్దామని ఓవెన్ తిప్పాడు. ఫైరింజను వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి, నలభై ఏళ్ళు వెల్డింగు పని చేసినవాడు, వర్షంలో ఒంటి మేజోడుతో నిలబడ్డాడు.

"నిప్పుతో నలభై ఏళ్ళు కాపురం చేశారుగా దోన్ రొసెందో, రెండు మేజోళ్ళకి ఓడిపోయారా?" అని ఎర్సిరా కిటికీలోంచి అడిగింది.

"ఆ నిప్పు కనబడేది దోన్యా ఎర్సిరా," అన్నాడు అతను. "ఇది దొంగ నిప్పు."

ఆ మాట నిజమే. గ్యాసు వాడిన వాళ్ళు మంట ఆరిపోతే చల్లారినట్టే అనుకుంటారు. ఈ గాజు నల్లగా, నిమ్మళంగా, ఏమీ ఎరగనట్టు ఉంటుంది, తాకితే చర్మం ఊడుతుంది. కట్టెలపొయ్యి దగ్గర పెరిగినవాళ్ళు ఆ విషయంలో నయం, పొయ్యి ఎప్పుడూ వేడిగానే ఉంటుందని మా ఒంటికి తెలుసు. ఎర్సిరా ఒంటికైతే మరీ తెలుసు. నెల తిరక్కుండానే ఆ పొయ్యి గుట్టంతా పట్టేసింది. ఏ వలయం ఎంతసేపట్లో ఎర్రబడుతుందో, ఆపాక ఎంతసేపు వేడి పట్టి ఉంచుతుందో అన్నీ. ఓవెన్ కాకని మాత్రం పాత పద్ధతిలోనే, చెయ్యిపెట్టి లెక్కపెట్టేది. గుండీ మీద అంకెలున్నాయి కదా అంటే, "అది దాని కోరిక, నిజం కాదు" అనేది.

మే నెలలో ఒక ఆదివారం ఆ చెయ్యి ఆమెకి ద్రోహం చేసింది.

యస్నా భోజనానికి వస్తానంది. రొట్టె పెట్టడానికి ఓవెన్ వేసి, ఎప్పట్లాగే చొక్కా మడిచి చెయ్యి లోపల పెట్టింది ఎర్సిరా. పది అయింది. ఇరవై అయింది. ముప్పై. ఇదేంటి, ఇంకా కాగలేదా అనుకుంది. నలభై. దిక్కుమాలిన ఓవెన్ పాడైపోయినట్టుంది, రేపు మెకానిక్కుని పిలవాలి అనుకుంది. అరవై దాకా లెక్కపెట్టింది. అప్పుడు వాసన వచ్చింది. ముప్పయ్యొక్క ఏళ్ళు వంటచేసిన ముక్కుకి ఆ వాసన తెలియకపోతే కదా. చెయ్యి బయటికి తీసి చూసుకుంటే వేళ్ళ వెనక, పై జాలీకి ఆనుకున్నచోట, రెండు గీతలు తెల్లగా కాలి ఉన్నాయి. నొప్పి మాత్రం లేదు.

తొమ్మిదేళ్ళుగా ఆమెకి షుగరు. పాదాల్లో తిమ్మిరి మూడేళ్ళ నుంచే ఉంది. క్లినిక్కులో డాక్టరమ్మ, నరాలు మొద్దుబారుతున్నాయి, వేళ్ళక్కూడా రావచ్చు అని చెబితే తలూపి వచ్చేసింది, ఎవరికీ చెప్పలేదు. వేళ్ళకి వచ్చేసిందని ఆ ఆదివారం తెలిసింది.

యస్నా మందులషాపులో పనిచేస్తుంది. కాలిన గాయం చూస్తే ఎంతసేపు కాలిందో చెప్పేయగలదు. చెయ్యి పట్టుకుని చూసి, "అమ్మా, ఇదెలా అయింది?" అంది.

ఎర్సిరా నోటికి ఏది ముందొస్తే అది చెప్పింది. "లోపల పెట్టి, తియ్యడం మరిచిపోయాను."

నా చేతికి తెలియలేదు అని చెప్పడం కంటే ఆ క్షణంలో మరిచిపోయాననడమే తేలిగ్గా అనిపించింది. ఆ చేతితోనే ఆమెకి పేరొచ్చింది మరి. కానీ ఆ మాట వినగానే యస్నా మొహంలో రక్తం లేదు. ఒర్తెన్సియా పెద్దమ్మ, అంటే ఎర్సిరా అక్క, ఇలాగే మొదలుపెట్టింది. మొదట కెటిల్ మరిచిపోయింది, తర్వాత ఇంటి దారి, చివరికి కన్నపిల్లల పేర్లు. యస్నా తల్లి చేతికి తెల్ల ప్లాస్టరు టేపుతో కట్టుకట్టింది. తర్వాత అదే టేపు తీసుకుని నడవాలోకి వెళ్ళి, కరెంటు బోర్డులో వంటింటి స్విచ్చు కిందికి దించి, దాని మీద అడ్డంగా నాలుగు పట్టీలు అంటించింది.

"ఇకనుంచి నీ భోజనం నేను తెస్తాను. ఈ టేపు నువ్వు తియ్యనని నాకు మాటివ్వు."

ఎర్సిరా మాటిచ్చింది. టేపు పీకడానికి ఎంతసేపు, గోటితో రెండు నిమిషాలు. కానీ మాటిచ్చాక ఎర్సిరా తప్పడం మేమెవ్వరం చూడలేదు.

అప్పట్నుంచి డబ్బాల భోజనం. సోమవారం, మంగళవారం అని మూతల మీద రాసి ఉండేవి. యస్నా పాపం మంచిపిల్ల, వంట మాత్రం రాదు. ఎర్సిరా చల్లటి పొయ్యి ముందు కుర్చీ వేసుకుని, ఆ డబ్బాల్లోని పప్పుచారులాంటి దాన్ని చెంచాతో కెలికేది. ఇల్లంతా ఏ వాసనా లేకుండా ఉండేది. నూట నలభై మందికి అన్నం పెట్టిన మనిషిని పట్టుకొచ్చి అలా కూర్చోబెడితే ఎవరికి కడుపు తరుక్కుపోదు? నాకైతే ఆ రోజుల్లో యస్నా మీద చాలా కోపంగా ఉండేది. ఆ పిల్ల భయం ఏమిటో అప్పటికి నాకు తెలియదు.

జులైలో ఎర్సిరా కూతురిని కూర్చోబెట్టి అడిగింది. "పద్దెనిమిది వస్తోంది. ఎంపనాదాలు ఎవరు చేస్తారు?"

సెప్టెంబరు పద్దెనిమిది మా దేశం పండగ. బ్లాకు వెనక స్థలంలో అందరం రేకులు కప్పి, వాటికింద తిని, తాగి, ఆడతాం. మొదటి ఏటి నుంచీ ఎనభై ఎంపనాదాలూ ఎర్సిరావే.

"కొందాంలే అమ్మా."

"కొంటావా? తలెత్తుకుని తిరగగలనా నేను? యస్నా, నాకు వంటిల్లు లేకపోతే ఇంకేం ఉందే? రోజుకి ఇరవై గంటలు కిటికీలోంచి వాన చూడమంటావా?"

యస్నా నడవాలో కరెంటు బోర్డు వైపు చూసింది. "సరే. పదిహేడో తారీకు మధ్యాహ్నం వస్తాను. టేపు తీసి స్విచ్చు నేనే వేస్తాను. నా ముందు వండు, మొదట్నుంచి చివరిదాకా. నేను ఒక్కసారి 'అమ్మా, జాగ్రత్త' అనాల్సి వచ్చిందా, కొత్త టేపు వేసేస్తా. ఇంక జన్మలో నన్ను అడక్కూడదు."

"నువ్వు నోరు మూసుకుని కూర్చోగలవా అని నా అనుమానం," అంది ఎర్సిరా. ఒప్పందం కుదిరింది.

చేతికి తెలియకుండా వంట ఎలా చేయాలో నేర్చుకోవాలి. అరవై మూడేళ్ళ వయసులో, రెండు నెలల్లో. తన పొయ్యికి టేపు ఉంది. దాంతో ఎదురింటి తలుపు తట్టింది. "దోన్ రొసెందో, మీరు ఇంకోసారి ఫైరింజను పిలిపిస్తే బ్లాకు కమిటీ వాళ్ళు మీ పొయ్యి పీకేస్తామంటున్నారట. నేను మీకు నేర్పుతాను. మీ వంటింట్లో నన్ను వండుకోనివ్వండి."

"నేర్పించుకుంటే తినడానికి కూడా పెడతారా?"

"నేర్చుకుంటేనే."

మొదటిరోజు ఓవెన్ తలుపు తీస్తే లోపల మూడు పెనాలు, ఒక ప్లాస్టిక్ బుట్ట, బూటు ఒకటి ఉన్నాయి. ఎర్సిరా బూటుని రెండు వేళ్ళతో పట్టుకుని బయటికి తీసి, "దీనికి ఎంత కాక కావాలి? పదా, ఇరవయ్యా?" అంది. రొసెందో సిగ్గుపడ్డాడు. ఓవెన్ వేసేముందు తలుపు తెరిచి చూడాలన్నది ఆ రోజు పాఠం. అడుగున మెరిసే రేకు కాగితం పరిచి ఉంటే అదీ చింపేసింది. సెగ అడుగునే ఆగిపోయి లోపలి పూత పగులుతుందని చెప్పింది. కెటిల్ తీసి బల్ల మీద పెట్టింది. రొసెందో దాన్ని చూసి చచ్చినవాళ్ళ ఇల్లులా ఉందని గొణిగాడు. బతికి ఉండాలంటే అక్కడే ఉండాలంది ఆమె.

వారం తర్వాత ఒకరోజు బంగాళాదుంపలు ఉడుకుతున్నాయి. రొసెందో గిన్నె కాడని బయటివైపు తిప్పి పెట్టాడు. అటుగా వెళ్ళేవాళ్ళ జేబు దానికి తగులుకుంటే కాళ్ళమీద కుంభవృష్టేనని ఎర్సిరా చివాట్లు పెడుతోంది. పెడుతూ, సలసలా మరుగుతున్న గిన్నె ఇనప మూతని ఒట్టి చేత్తో ఎత్తింది. ఎత్తి, అలాగే పట్టుకుని తిడుతూనే ఉంది. రొసెందో మూత వంక చూశాడు. ఆమె మొహం వంక చూశాడు.

"దోన్యా ఎర్సిరా," అన్నాడు మెల్లగా. "ఆ మూత కింద పెట్టండి."

ఆమె చూసుకుంది. వేళ్ళ కొనలు ఎర్రబడి ఉన్నాయి. మూత కింద పెట్టింది. రొసెందో పొయ్యి ఆపేసి, ఆమె మణికట్టు పట్టుకుని కుళాయి కింద చల్లటి నీళ్ళలో చెయ్యి పెట్టించాడు. పావుగంట అలా పట్టుకునే నిలబడ్డాడు. వెల్డింగు చేసినవాడికి ఆ వైద్యం తెలుసు. నీళ్ళ చప్పుడూ, బయట వాన చప్పుడూ ఒక్కటైపోయాయి.

"ఎన్నాళ్ళ నుంచి?" అని చివరికి అడిగాడు.

"మే నుంచి. అంతకుముందే ఉందేమో, తెలియలేదు."

"అమ్మాయికి చెప్పలా?"

"చెబితే ఏమంటుంది? గుడ్డివాడికి బస్సు తోలడానికి ఇస్తారా అంటుంది. నిజమే కదా."

రొసెందో కుళాయి కట్టేశాడు. తను రోజూ కాఫీ తాగే ఎర్ర ఎనామిల్ కప్పు కడిగి, పొయ్యి పైన ఆవిరి లాగే ఫ్యాను అంచుకి ఒక తీగ కొక్కెంలా వంచి తగిలించి, దానికి ఆ కప్పు వేలాడదీశాడు. "గాజు మూలన ఆ చిన్న దీపం ఉంది చూడండి, వేడి ఉన్నంతసేపు వెలిగేది. అది నాకే సరిగ్గా కనబడదు. కప్పయితే కనబడుతుంది. పొయ్యి వేసినప్పుడు పైకి ఎత్తుదాం. దీపం ఆరేదాకా దించొద్దు. చేతికి తెలియకపోతే కంటికి చెబుదాం."

"దీపం ఆరాక కూడా వెంటనే కాదు," అంది ఎర్సిరా. కళ్ళు తుడుచుకుంది. "ఒక కప్పు మాతే, ఆ ఆకుల టీ, తాగేంతసేపు ఆగుదాం. అది ఆరినా గోరువెచ్చగానే ఉంటుంది, నా చేతులకి అదీ ఎక్కువే."

అక్కడ మొదలైంది ఆ కప్పు. ఆగస్టంతా ఇద్దరూ ఆ వంటింట్లోనే. ఎర్సిరా తన ముప్పయ్యొక్క ఏళ్ళ పనిని విప్పి, ఒక్కొక్క ముక్కా మళ్ళీ కుట్టుకుంది. ఒట్టి చేత్తో ఏదీ ఎత్తకూడదని పెట్టుకుంది. రొసెందో అటక మీంచి తన పాత వెల్డింగు తోలు తొడుగులు తీసిచ్చాడు, మోచేతిదాకా వస్తాయి. తొడుక్కుంటే స్పర్శ తెలియదు కదా అని అతను సందేహిస్తే, "తెలిసేది ఏముంది కనక పోవడానికి" అంది. తడి గుడ్డతో వేడిగిన్నె పట్టుకోవడం మానేసింది. తడిలోంచి ఆవిరి వచ్చి చెయ్యి ఉడికిపోతుంది, పొడిదే వాడాలి. వాళ్ళమ్మ కట్టెలపొయ్యి ఇనప రింగులు ఎత్తే కొక్కీ ఒకటి ఆమె దగ్గర ఉంది. ఓవెన్ జాలీని దాంతో ముందుకి లాగడం నేర్చుకుంది, చెయ్యి లోపలికి పెట్టాల్సిన పనే లేకుండా. తలుపు ముందు పిడికెడు సందు తెరిచి, పక్కకి జరిగి, ఆవిరి పోయాకే పూర్తిగా తెరవాలి. ఓవెన్ కాక తెలుసుకోవడానికి రేకు పళ్ళెం మీద చిటికెడు మైదాపిండి చల్లి లోపల పెట్టి, పిండి రంగు మారేదాకా లెక్కపెట్టేది. ఎన్ని అంకెలకి గోధుమరంగు వస్తే పాత లెక్కలో పది, ఎన్నింటికి ఇరవై అని, రొసెందో పాపం తన చెయ్యి లోపలపెట్టి సరిచూసి చెప్పేవాడు.

ఒకసారి పంచదార పాకం పొంగి గాజు మీద పడింది. రొసెందో గ్లాసుడు చన్నీళ్ళు పట్టుకుని పరుగెత్తాడు. "పొయ్యండి, పొయ్యండి," అంది ఎర్సిరా. "గాజు పగిలి రెండు చెక్కలయ్యాక బోర్డులో స్విచ్చు దించడం నేర్పుతాను." అతను ఆగిపోయాడు. పొయ్యి ఆపి, తొడుగులు వేసుకుని, పాకం గట్టిపడకముందే బ్లేడు పలకతో గీకి తీసింది. ఆ సాయంత్రం అతను ఎవరూ చెప్పకుండానే ఓవెన్ తెరిచి చూసి వేశాడు, కెటిల్ బల్ల మీదే పెట్టాడు. మళ్ళీ ఫైరింజను మా బ్లాకుకి రాలేదు.

"అమ్మాయికి చెప్పండి," అని రోజూ అనేవాడు.

"పదిహేడు కానివ్వండి" అని రోజూ అనేది.

పదిహేడో తారీకు మధ్యాహ్నం యస్నా వచ్చింది. టేపు తీసి, జేబులో పెట్టుకుని, స్విచ్చు వేసింది. వంటింట్లో గోడవారన కుర్చీ వేసుకుని కూర్చుంది. లోపలి కూర చల్లారితేగానీ మడవకూడదు కనక ఎర్సిరా ముందురోజే రొసెందో ఇంట్లో మాంసం, ఉల్లి వేయించి చల్లార్చి ఉంచుకుంది. పిండి ఒత్తింది. ఓవెన్ తలుపు తెరిచి లోపల ఏమీ లేదని చూసింది, మూసింది, గుండీ తిప్పింది. గుడ్లు ఉడకడానికి గాజు మీద గిన్నె పెట్టి, కాడని లోపలివైపు తిప్పి, రొసెందో బిగించి ఇచ్చిన కొక్కేనికి ఎర్ర కప్పు తగిలించింది. యస్నా అన్నీ చూస్తోంది. రెండుసార్లు నోరు తెరిచి మూసుకుంది. ఎర్సిరా గుడ్లు దించి పొయ్యి ఆపేసింది, గాజు నల్లగా అయిపోయింది. యస్నా లేచి, ఉడికిన గుడ్ల గిన్నెకి చోటుచేద్దామని, ఆ నల్లగాజు మీద చెయ్యి ఆనించబోయింది. వాళ్ళింట్లో గ్యాసు.

"కప్పు పైన ఉంది," అంది ఎర్సిరా, పిండి మీంచి తల ఎత్తకుండానే.

యస్నా చెయ్యి వెనక్కి తీసుకుంది. వెళ్ళి కుర్చీలో కూర్చుని వెనక్కి వాలింది. వచ్చినప్పట్నుంచీ ముందుకి ఒరిగే కూర్చుంది మరి.

పిండి చల్లిన రేకు పళ్ళెం లోపలికి వెళ్ళింది. ఎర్సిరా పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంది. తోలు తొడుగులు, కొక్కీ, పిడికెడు సందు, పక్కకి జరగడం. పళ్ళెం బయటికి వచ్చింది. పిండి సరైన రంగులో ఉంది. పాత లెక్కలో పది. మొదటి ఇరవై ఎంపనాదాలు బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి. ఇంక లోపల పెట్టడమే.

అప్పుడు యస్నా లేచి దగ్గరకొచ్చింది. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి. "బాగా చేస్తున్నావమ్మా. ఒక్కసారి, పాతరోజుల్లోలా, చెయ్యి పెట్టవా? నేను లెక్కపెడతా. ఏడు తర్వాత ఎనిమిదే అంటాను."

అది పరీక్ష కాదు, ముద్దు. ఎర్సిరాకి అది తెలుసు. చేయడం ఎంత తేలికో కూడా తెలుసు. లోపల పది కాక ఉందని పిండి చెప్పింది. కూతురు పది అనగానే అబ్బా అని చెయ్యి లాగేసుకుంటే చాలు. చెయ్యి కాలదు, వంటిల్లు దక్కుతుంది. నాలుగు నెలల బాధ పది అంకెల్లో తీరిపోతుంది. ఎర్సిరా కుడిచేతి తొడుగు తీసింది. చొక్కా మడవబోయింది. వేళ్ళ వెనక ఆ రెండు తెల్ల మచ్చలు కనబడ్డాయి.

మళ్ళీ తొడుగు వేసుకుంది. "పెట్టను."

"ఏం?"

"నా చేతికి వేడి తెలియదు యస్నా. మే నెలలో మరిచిపోవడం కాదు. అరవై దాకా లెక్కపెట్టాను, అన్ని అంకెలూ నాకు గుర్తున్నాయి. వేళ్ళు మొద్దుబారిపోయాయి. నీకు చెప్పడానికి సిగ్గేసింది. చెయ్యి పోయిన వంటమనిషినని ఎలా చెప్పుకోను? ఈ కప్పూ, ఈ తొడుగులూ, ఈ పిండీ, ఇదంతా అందుకే." ఆమె ఓవెన్ తలుపు మూసింది, కాక పోకుండా. "ఇప్పుడు నీ ఇష్టం."

యస్నా వెనక్కి తిరిగి నడవాలోకి వెళ్ళిపోయింది. కరెంటు బోర్డు తలుపు కిర్రుమన్న చప్పుడు ఎర్సిరాకి వినబడింది. ఆమె ఓవెన్‌లోని దీపం వంక చూస్తూ నిలబడింది, ఎప్పుడు ఆరిపోతుందా అని. దీపం ఆరలేదు. నడవాలోంచి ఏడుపు వినబడింది. వెళ్ళి చూస్తే యస్నా గోడకి తల ఆనించుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఉంది.

"నీకు మతిపోలేదన్నమాట," అంటోంది. "అమ్మా, నీకు మతిపోలేదు. నాలుగు నెలలుగా ప్రతి ఆదివారం నా పేరు చెప్పి పిలుస్తావో లేదో అని మెట్ల మీద నిలబడి భయపడి చస్తున్నాను. ఒర్తెన్సియా పెద్దమ్మలాగే అయిపోతున్నావనుకున్నా."

ఎర్సిరాకి అప్పుడు గానీ తను చెప్పిన చిన్న అబద్ధం కూతురి నెత్తిన ఎంత బరువు పెట్టిందో అర్థం కాలేదు. ఆ పిల్ల తలని తన భుజానికి ఆనించుకుంది. "పిచ్చిదానా. ఏడు తర్వాత తొమ్మిది అన్న రోజు నుంచీ అన్నీ గుర్తున్నాయి నాకు."

వంటింట్లోకి వచ్చాక యస్నా మోచేతిదాకా చొక్కా మడిచింది. తల్లి తలుపు పిడికెడు సందు తెరిచి, కూతురిని పక్కకి జరిపి, ఆవిరి పోనిచ్చి, అప్పుడు పూర్తిగా తెరిచింది. యస్నా దేనికీ తగలకుండా మధ్యలో చెయ్యి పెట్టింది. ఎర్సిరా లెక్కపెట్టింది. పది దగ్గర చురుక్కుమనగానే యస్నా చెయ్యి లాగేసుకుంది.

"ఎలా ఉంది?" అంది ఎర్సిరా. చాలా ఆశగా అడిగింది.

"మన బడి ఓవెన్ లాగే ఉంది."

ఎర్సిరా తలూపి, ఇరవై ఎంపనాదాలు లోపల పెట్టింది. మర్నాడు ఎనభై ఎంపనాదాలూ రేకుల కింద మేమంతా తిన్నాం. రొసెందో ఒక్కడే ఏడు తిన్నాడు, నేర్చుకున్నందుకు.

పదిహేడో తారీకు వెళ్ళేముందు యస్నా జేబులోంచి ఆ టేపు తీసి, సాగదీసి, ఓవెన్ పిడి పైన, సరిగ్గా చెయ్యి లోపలికి వెళ్ళేచోట, తలుపు మీద అడ్డంగా అంటించింది. తొడుగులు వేసుకోకుండా ఆ టేపు దాటకూడదని చెప్పింది. ఎర్సిరా దూరం నుంచి చూసి, వంకరగా అంటించావంది. ఇప్పటికీ ఆ తలుపు మీద అది వంకరగానే ఉంది. అట్టకట్టి ఊడొస్తే, అదే వంకరలో కొత్తది అంటిస్తుంది ఎర్సిరా.